సొంత పుస్తకం, జట్టు పుస్తకం: కామిక్స్‌లో సూపర్‌హీరో సభ్యత్వం, పాత్ర ఎదుగుదల

1963 మార్చి తేదీతో వచ్చిన ‘ది అమేజింగ్ స్పైడర్‌మాన్’ మొదటి సంచికలో పీటర్ పార్కర్ అనే కుర్రాడు కొలువు కోసం ఫెంటాస్టిక్ ఫోర్ వాళ్ల భవనానికి వెళ్తాడు. ఇంట్లో పరిస్థితి బాగాలేదు. పెదనాన్న చనిపోయాడు. అద్దె కట్టడానికి పెద్దమ్మ మే నగలు తాకట్టు పెడుతోంది. జట్టులో చేరితే నెలనెలా జీతం వస్తుందని పీటర్ ఆశ. తన సత్తా చూపించాలని ఆ నలుగురితో కలబడతాడు కూడా. తీరా జీతం మాట ఎత్తేసరికి, ఇక్కడ ఎవరికీ జీతాలుండవు, వచ్చిన డబ్బంతా పరిశోధనకే పోతుందని వాళ్లు చెబుతారు. పీటర్ వచ్చిన దారినే వెళ్లిపోతాడు.

మార్వెల్ సంస్థలో అందరికంటే ఎక్కువ పేరు తెచ్చుకున్న ఈ హీరోకు అవెంజర్స్ జట్టులో నికరమైన చోటు 2005లో, ‘న్యూ అవెంజర్స్’ పుస్తకంతో గానీ దొరకలేదు. నలభై ఏళ్లకు పైగా అతన్ని వాకిట్లోనే ఉంచడానికి కారణం కథలో కన్నా ప్రచురణ కార్యాలయంలోనే ఎక్కువగా ఉంది. స్పైడర్‌మాన్‌కు సొంత పుస్తకం ఉంది. ఆ పుస్తకంలో చదువు, ప్రేమ, అప్పు, చావు అన్నీ నెలనెలా నడుస్తుంటాయి. జట్టు పుస్తకం రాసే మరొకరు అతని జీవితంలో వేలు పెడితే రెండు కథలూ చెడతాయి.

బొగ్గు గని ప్రాంతాల వాళ్లకు ఈ చిక్కు తేలిగ్గా అర్థమవుతుంది. కమాన్‌పూర్ నుంచో గోదావరిఖని నుంచో షిఫ్టుకు పోయిన మనిషి భూగర్భంలో ఓవర్‌మన్, సర్దార్, షాట్‌ఫైరర్, టింబర్‌మన్ అనే పనుల వరుసలో ఒకడు. ఒకరి పని ఒకరు చేయరు, ఒకరి ప్రాణానికి ఒకరు పూచీ. అదే మనిషి ఇంటికొస్తే తండ్రి, అన్న, అప్పులవాడు, మొక్కు తీర్చాల్సినవాడు. జట్టు పుస్తకం షిఫ్టు లాంటిది, సొంత పుస్తకం ఇల్లు లాంటిది. మనిషి మారేది ఎక్కువగా ఇంట్లోనే. ఎనభై ఏళ్లకు పైగా అమెరికా కామిక్స్ సంస్థలు ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలా అని రకరకాలుగా ప్రయత్నిస్తూనే ఉన్నాయి. ఆ ప్రయత్నాలన్నిటిలోనూ ఒక తీరు కనిపిస్తుంది. సొంత పుస్తకం ఉన్న హీరో జట్టులోకి ఎలా వచ్చాడో అలాగే బయటికి వెళ్తాడు. ఏ పుస్తకమూ లేని పాత్రే జట్టులో నిజంగా ఎదుగుతుంది.

మొట్టమొదటి సూపర్‌హీరో జట్టుకు ఈ సంగతి ముందే తెలుసు. 1940 శీతకాలంలో ‘ఆల్ స్టార్ కామిక్స్’ 3వ సంచికలో జస్టిస్ సొసైటీ ఆఫ్ అమెరికా పుట్టింది. ఫ్లాష్, గ్రీన్ లాంటర్న్, హాక్‌మాన్ లాంటి వాళ్లు ఒక బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక కథ చెప్పుకున్నారు. దానికొక కచ్చితమైన నియమం పెట్టారు. ఎవరికైనా తన పేరుతో సొంత పత్రిక వస్తే అతను జట్టు నుంచి తప్పుకుని గౌరవ సభ్యుడైపోవాలి. సూపర్‌మాన్, బ్యాట్‌మాన్ మొదటి నుంచీ గౌరవ సభ్యులే. సొంత పత్రిక రాగానే ఫ్లాష్ వెళ్లిపోయాడు, ఆ వెంటనే గ్రీన్ లాంటర్న్ వెళ్లాడు. ఖాళీ అయిన కుర్చీలోకి ఇంకా పేరు రాని హీరో వచ్చేవాడు. జట్టు పుస్తకం అప్పట్లో కొత్తవాళ్లను పాఠకుడికి పరిచయం చేసే వేదిక.

అదే నియమం వండర్ వుమన్ విషయంలో అన్యాయంగా పనిచేసింది. 1942లో ఆమె జట్టులోకి వచ్చింది, అదే ఏడాది సొంత పత్రికా వచ్చింది. ఆ జట్టులో ఎవరికీ తీసిపోని బలవంతురాలిని కార్యదర్శిగా కూర్చోబెట్టి, మగవాళ్లు యుద్ధానికి వెళ్తుంటే సమావేశాల వివరాలు రాసుకునే పనిలో పెట్టారు. నియమం ఒక సాకు మాత్రమే. ఆ కాలం ఆడవాళ్లను ఎక్కడ ఉంచిందో ఆ పేజీల్లో స్పష్టంగా కనిపిస్తుంది.

1960లో డీసీ సంస్థ సంపాదకుడు జూలియస్ ష్వార్జ్, రచయిత గార్డ్‌నర్ ఫాక్స్ కలిసి జస్టిస్ లీగ్‌ను తెచ్చేసరికి ఆ నియమం తిరగబడింది. ఈసారి పేరున్నవాళ్లందరినీ ఒక చోట చేర్చడమే పుస్తకానికి ఆకర్షణ. అయినా తొలి సంచికల్లో సూపర్‌మాన్, బ్యాట్‌మాన్ పెద్దగా కనిపించరు. వాళ్ల పుస్తకాలు చూసే సంపాదకులు వేరే. తమ హీరోలను మరొకరు ఎక్కువగా వాడుకోవడం వాళ్లకు ఇష్టం లేదు. ఒకే సంస్థ, ఒకే కార్యాలయం, అయినా ఒక హీరోను పక్క గదికి పంపాలంటే అనుమతి కావాలి. ఈ పద్ధతి ఇప్పటికీ పోలేదు. బ్యాట్‌మాన్ పుస్తకాలకు ఒక బృందం, ఎక్స్‌మెన్ పుస్తకాలకు ఇంకో బృందం ఉంటాయి.

మార్వెల్‌లో 1963లో మొదలైన అవెంజర్స్ పుస్తకం రెండేళ్లకే ఈ చిక్కులో పడింది. థోర్ తన పుస్తకంలో ఒక లోకంలో ఉంటే, ఐరన్ మాన్ తన పుస్తకంలో ఇంకో ప్రమాదంలో ఉంటాడు, మరి ఇద్దరూ ఇక్కడ ఒకే బల్ల దగ్గర ఎలా కూర్చున్నారు? స్టాన్ లీ దీనికి మొండిగా, తెలివిగా ఒక దారి వెతికాడు. 1965 మే తేదీ ఉన్న 16వ సంచికలో జట్టును స్థాపించినవాళ్లను సెలవు మీద పంపేశాడు. ఐరన్ మాన్, జెయింట్ మాన్, వాస్ప్ ఒక్కొక్కరే వెళ్లిపోతారు. మిగిలిన కెప్టెన్ అమెరికా పక్కన ముగ్గురు కొత్తవాళ్లు నిలబడతారు. హాక్ఐ అంతకుముందు ఏడాది ఐరన్ మాన్ మీదికి బాణాలు ఎక్కుపెట్టినవాడు. వాండా, పియెత్రో అనే తోబుట్టువులు విలన్ మాగ్నెటో ముఠాలోంచి వచ్చినవాళ్లు. ముగ్గురికీ నేరాల చరిత్ర ఉంది, ముగ్గురిలో ఎవరికీ సొంత పుస్తకం లేదు. కెప్టెన్ అమెరికాకు వేరే చోట సొంత కథ నడుస్తోంది కదా అంటే, ఆ నెలల్లో దాన్ని రెండో ప్రపంచ యుద్ధ కాలానికి తీసుకెళ్లి పెట్టారు. గతంలో జరిగే కథ వర్తమానంలోని జట్టుకు అడ్డురాదు.

ఆ మార్పుతో అవెంజర్స్ పుస్తకం స్వభావమే మారిపోయింది. పెద్దరికం కోసం కెప్టెన్‌తో హాక్ఐ పెట్టుకునే గొడవలు, తమ గతాన్ని ఎవరూ నమ్మరేమోనన్న తోబుట్టువుల భయం, ఇవన్నీ నెలనెలా పేరుకుంటూ వచ్చాయి. వాళ్ల జీవితాన్ని సర్దిచెప్పాల్సిన మరో పుస్తకం ఎక్కడా లేదు. 1968లో రచయిత రాయ్ థామస్, చిత్రకారుడు జాన్ బ్యుసెమా విజన్ అనే కృత్రిమ మనిషిని జట్టులోకి తెచ్చారు. శత్రువు తయారుచేసి పంపిన యంత్రం అతను. జట్టు తనను సభ్యుడిగా ఒప్పుకున్నాక, ఎవరూ చూడని చోట అతని కంట నీరు తిరిగే ఒక్క పేజీ ఆ పుస్తకం చరిత్రలో చాలా మందికి గుర్తుండిపోయింది. ఏడేళ్లకు విజన్, వాండా పెళ్లి చేసుకున్నారు. జట్టు పుస్తకంలో పుట్టి, జట్టు పుస్తకంలోనే మనిషైన పాత్ర ఏదంటే ముందు విజన్ పేరే చెప్పాలి.

జట్టుకు, సొంత పుస్తకానికి మధ్య పంచాయితీ బాగా తెగిన సందర్భం రాబిన్‌ది. 1940లో పుట్టిన డిక్ గ్రేసన్ నాలుగు దశాబ్దాలు బ్యాట్‌మాన్ పక్కన కుర్రాడిగానే ఉండిపోయాడు. 1980లో మార్వ్ వుల్ఫ్‌మన్, జార్జ్ పెరెజ్ మొదలుపెట్టిన ‘న్యూ టీన్ టైటన్స్’ అతన్ని నాయకుడిని చేసింది. ఆ పుస్తకంలో అతను తోటివాళ్ల భారం మోస్తాడు, ప్రేమలో పడతాడు, తప్పులు చేస్తాడు. బ్యాట్‌మాన్ పుస్తకం వాళ్లకు మాత్రం గురువు చాటున నిలబడే చిన్నపిల్లాడు కావాలి. ఒకే మనిషి ఒక పుస్తకంలో ఇరవై ఏళ్ల యువకుడిగా, ఇంకో పుస్తకంలో బాలుడిగా ఉండలేడు. చివరికి పాత్రనే పంచారు. రాబిన్ అనే పేరు, ఆ దుస్తులు బ్యాట్‌మాన్ దగ్గర ఉండిపోయాయి, మనిషి జట్టుకు వచ్చాడు. 1983లో జేసన్ టాడ్ అనే కొత్త కుర్రాడు బ్యాట్‌మాన్ కథలోకి వచ్చాడు. 1984 ఫిబ్రవరి సంచికలో డిక్ తోటివాళ్ల ముందే రాబిన్ వేషం వదిలిపెడతాడు. చిన్నప్పటి నుంచి ఒంటి మీదున్న ఎరుపు, ఆకుపచ్చ, పసుపు రంగులు ఇక అతనివి కావు. అదే ఏడాది జులై సంచికలో నైట్‌వింగ్‌గా తిరిగి వస్తాడు. కామిక్స్‌లో ఒక సహాయకుడు నిజంగా పెరిగి పెద్దవాడైన అరుదైన ఘట్టం అది. ఆ ఎదుగుదలకు చోటిచ్చింది జట్టు.

రాబిన్ పేరు అందుకున్న జేసన్ గతి వేరు. 1988లో అతను బతకాలా వద్దా అని డీసీ సంస్థ పాఠకుల చేత ఫోన్లలో ఓటు వేయించింది. చావాలని 5,343 మంది, బతకాలని 5,271 మంది ఓటేశారు. 72 ఓట్ల తేడాతో ఒక బాలుడి పాత్ర చచ్చిపోయింది. పాత్ర ఎదుగుదలను ఓట్ల లెక్కకు వదిలేయడం ప్రచురణకర్త బాధ్యత నుంచి తప్పుకోవడమే.

జట్టు అవసరం కోసం మనిషిని చెడగొట్టిన కథ జీన్ గ్రేది. 1963లో ఎక్స్‌మెన్‌తో పాటే పుట్టిన ఆమె తర్వాత ఫీనిక్స్ అనే మహాశక్తిగా మారింది; క్రిస్ క్లేర్‌మాంట్, జాన్ బర్న్ ఆమె చేత ఆ శక్తి మత్తులో ఒక గ్రహాన్ని జనంతో సహా బుగ్గి చేయించారు. వాళ్లు మొదట అనుకున్న ముగింపులో ఆమె శక్తులు కోల్పోయి బతుకుతుంది. ప్రధాన సంపాదకుడు జిమ్ షూటర్ ఒప్పుకోలేదు. అన్ని కోట్ల ప్రాణాలు తీసిన మనిషి శిక్ష లేకుండా ఇంటికి పోకూడదన్నాడు. 1980 సెప్టెంబరు తేదీ ఉన్న 137వ సంచికలో జీన్ చంద్రుడి మీద తన ప్రాణం తానే తీసుకుంది. ఆ విషయంలో షూటర్ మాటే నెగ్గింది, కథకు అదే మేలు చేసింది.

ఆరేళ్లకు మార్వెల్‌కు పాత ఎక్స్‌మెన్ ఐదుగురితో ‘ఎక్స్ ఫాక్టర్’ అనే కొత్త జట్టు పుస్తకం కావాల్సివచ్చింది. ఐదుగురు కావాలంటే జీన్ బతకాలి. చనిపోయినది అసలు జీన్ కాదు, ఆమె రూపంలో ఉన్న శక్తి మాత్రమేనని, అసలు జీన్ సముద్రం అడుగున ఒక గూటిలో నిద్రపోతోందని చెప్పి 1986లో ఆమెను తెచ్చారు. ఆమె ప్రియుడు సైక్లాప్స్ అప్పటికే మేడలిన్ ప్రయర్ అనే అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు, కొడుకు పుట్టాడు. కొత్త జట్టుకు అతనూ కావాలి కాబట్టి, జీన్ బతికుందన్న వార్త వినగానే భార్యను, పసిబిడ్డను వదిలేసి బయలుదేరాడు. బాధ్యత తెలిసిన నాయకుడిగా ఇరవై ఏళ్లకు పైగా కట్టిన పాత్ర ఒక్క సంచికతో పలచబడిపోయింది. తర్వాత ఆ తప్పు కప్పిపుచ్చడానికి మేడలిన్‌ను విలన్‌గా మార్చారు. భర్త వదిలేసిన ఆడమనిషి మీదికే నేరం నెట్టడం ఇంకా పెద్ద తప్పు. సభ్యుల జాబితా ముందు తయారుచేసుకుని కథను దానికి అతికిస్తే ఏమవుతుందో ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

రెండు పుస్తకాలూ ఒకే చేతిలో ఉంటే ఈ గొడవ ఉండదు. 1974లో హల్క్ మీదికి వచ్చిన ప్రత్యర్థిగా మొదలైన వుల్వరిన్‌ను 1975 నుంచి పదహారేళ్లు క్లేర్‌మాంట్ ఒక్కడే నడిపించాడు. 1982లో ఫ్రాంక్ మిల్లర్ బొమ్మలతో నాలుగు సంచికల సొంత కథ రాసి అతన్ని జపాన్‌కు పంపాడు. తనలోని మృగాన్ని మనిషి గెలవగలడా అన్నది ఆ కథ. అందులో జరిగిన ప్రేమ, అవమానం నేరుగా జట్టు పుస్తకంలోకి వచ్చి, అక్కడ ఆగిపోయిన పెళ్లిగా ముగిశాయి. 2005 తర్వాత అదే వుల్వరిన్ ఒకేసారి ఎక్స్‌మెన్‌లోనూ అవెంజర్స్‌లోనూ సభ్యుడయ్యాడు. ఇన్ని చోట్ల ఉన్న మనిషి ఎక్కడా ఒక్క అడుగు కూడా ముందుకు వేయలేడు. అమ్మకాలు పెరిగాయేమో గానీ పాత్ర నిలిచిపోయింది.

పెద్దవాళ్లను ఇవ్వకపోవడమే వరమైన సందర్భమూ ఉంది. 1987లో కీత్ గిఫెన్, జె.ఎం. డిమాటిస్ జస్టిస్ లీగ్ మొదలుపెట్టినప్పుడు సూపర్‌మాన్, వండర్ వుమన్ కథలు వాళ్ల సొంత పుస్తకాల్లో మొదటి నుంచి తిరగరాస్తున్నారు, అందుకని ఇవ్వలేమన్నారు. బ్యాట్‌మాన్ ఒక్కడు దొరికాడు. దాంతో బ్లూ బీటిల్, బూస్టర్ గోల్డ్ లాంటి వాళ్లను ముందు పెట్టి, వాళ్ల స్నేహాన్నే పుస్తకానికి ప్రాణం చేశారు. పదేళ్ల తర్వాత గ్రాంట్ మారిసన్ ఏడుగురు పెద్దవాళ్లనూ తిరిగి తెచ్చాడు. అప్పుడు సొంత పుస్తకంలో సూపర్‌మాన్ నీలిరంగు విద్యుత్ రూపంలోకి మారితే జట్టు పుస్తకంలోనూ అలాగే గీయాల్సివచ్చింది. వండర్ వుమన్ తన పుస్తకంలో చనిపోతే జట్టు బల్ల దగ్గర ఆమె తల్లి హిప్పొలిటా కూర్చుంది.

తెలుగువాళ్లకు ఈ మొత్తం వ్యవహారం కొత్తగా అనిపించకూడదు. ఒక పాత్రను ఒకరి తర్వాత ఒకరు రాయడం మన దగ్గర వెయ్యేళ్ల నాటి పని. 11వ శతాబ్దంలో నన్నయ అరణ్య పర్వం మధ్యలో ఆపిన మహాభారతాన్ని 13వ శతాబ్దంలో తిక్కన విరాట పర్వం నుంచి అందుకుని పదిహేను పర్వాలు రాశాడు. మిగిలిపోయిన భాగాన్ని 14వ శతాబ్దంలో ఎర్రన పూరించాడు. నన్నయ రాసినట్టే, రాజరాజ నరేంద్రుడికే అంకితంగా రాశాడు. నన్నయ నడకతో మొదలుపెట్టి మెల్లగా తిక్కన నడకలోకి పాఠకుణ్ణి దాటించాడు. నడుస్తున్న పుస్తకాన్ని మధ్యలో అందుకునే ఏ రచయితకైనా ఎర్రనను మించిన గురువు లేడు.

జట్టు సభ్యత్వం సంగతికొస్తే పల్నాటి వీరుల కథ ఉంది. కారంపూడి యుద్ధానికి బాలచంద్రుడితో వేరువేరు కులాల తమ్ముళ్లు బయలుదేరతారు. వాళ్లలో బ్రాహ్మణుడైన అనపోతరాజును యుద్ధంలో చావనివ్వకూడదని బాలచంద్రుడు ఒక నెపం పెట్టి వెనక్కి పంపుతాడు. తనను జట్టులోంచి తప్పించారని తెలిసిన క్షణాన అనపోతరాజు ప్రాణం తీసుకుంటాడు. సభ్యత్వం పోవడమే ఆ పాత్రను కథలో చిరస్థాయిగా నిలిపింది. కమాన్‌పూర్, పెద్దపల్లి వైపు ఒగ్గు కథలు విన్నవాళ్లకు ఎవరి కథ వాళ్లదే అన్న పంపకమూ తెలుసు. మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ దేనికదే నిండు కథ.

మన దేశపు కామిక్స్‌లో 1967లో అనంత్ పాయ్ మొదలుపెట్టిన అమర్ చిత్ర కథ ఇదే ప్రశ్నను మరో వైపు నుంచి ఎదుర్కొంది. కర్ణుడికి, భీష్ముడికి, ద్రోణుడికి, అభిమన్యుడికి విడివిడి పుస్తకాలు ముందే వచ్చాయి. 1985 నుంచి 42 భాగాల మహాభారతం వచ్చింది. సొంత పుస్తకంలో కర్ణుడు నాయకుడు, పాఠకుడి మనసు అతని వైపే. పెద్ద కథలో అతను ఎదుటి పక్షం మనిషి. రాజ్ కామిక్స్ సంస్థ 1986లో నాగరాజ్‌ను, 1987లో సూపర్ కమాండో ధ్రువను తెచ్చి, తర్వాత తమ హీరోలందరినీ ‘బ్రహ్మాండ్ రక్షక్’ అనే జట్టుగా చేసింది. ఏ మహిమా లేకుండా బుద్ధిబలంతో నెగ్గే సర్కస్ కుర్రాడు ధ్రువ సృష్టికర్త అనుపమ్ సిన్హా. తర్వాత నాగరాజ్ కథలూ ఆయన చేతికే వచ్చాయి. అందుకే ఆ ఇద్దరూ కలిసే పుస్తకాల్లో ఒకరు ఇంకొకరి ముందు చిన్నబోరు.

తెలుగులో ఇప్పుడు ఈ పని సినిమా చేస్తోంది. 2018లో అవెంజర్స్ సినిమా తెలుగులో వచ్చినప్పుడు విలన్ థానోస్‌కు దగ్గుబాటి రానా గొంతిచ్చాడు. 2024 జనవరి 12న వచ్చిన ‘హను-మాన్’తో దర్శకుడు ప్రశాంత్ వర్మ ఒక సూపర్‌హీరో లోకానికి పునాది వేసి, అదే లోకంలో మరిన్ని చిత్రాలు ప్రకటించాడు. అదే ఏడాది జూన్ 27న ‘కల్కి 2898 ఏడీ’ వచ్చింది. దానికి ముందు మే 31న అందులోని పాత్రలు భైరవ, బుజ్జిల పూర్వకథ యానిమేషన్‌గా విడుదలైంది. ముందు సొంత కథ, తర్వాత ఉమ్మడి కథ అన్న వరుస ఇక్కడా కుదురుకుంటోంది.

రేపు ఈ హీరోలందరినీ ఒక తెర మీదికి తెచ్చే రచయితలకు ఒక విన్నపం. పేరున్న నలుగురికీ నిమిషాలు లెక్కగట్టి పంచడంతో సరిపెట్టకండి. తనకంటూ ఒక్క సినిమా కూడా లేని ఒక పాత్రను ఆ గుంపులో నిలబెట్టండి, మొదటి సన్నివేశం నుంచి చివరి దాకా మారే అవకాశం ఆ పాత్రకే ఇవ్వండి.